చీటీలో తప్పు

గురువారం రాత్రి భోజనాలయి వంటిల్లు సర్దుతూ ఉండగా రేపల్లె నుంచి మా మాస్టారు ఫోను చేశారు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పినవారు. ఆయనకిప్పుడు 78 ఏళ్ళు. ఎప్పుడు ఫోను చేసినా ముందు మా పిల్లల చదువులు, తరువాత మా వారి రక్తపోటు అడిగి, ఆ పైన అసలు సంగతికి రావడం ఆయన అలవాటు. ఆ రాత్రి మాత్రం ఎత్తుకోవడమే, “అమ్మాయ్, శనివారంనాడు కంప్యూటరును దుకాణంలో ఇచ్చేస్తున్నాను. ఫార్మాటు చేస్తే గానీ కుదరదట. ఫార్మాటు అంటే ఏమిటో నువ్వొకసారి చెప్పు” అన్నారు.

నా గుండె ఝల్లుమన్నది. ఫార్మాటు అంటే పలకను తడిబట్ట పెట్టి తుడవడం. ఆ పలక మీద ఏమున్నదో నాకు తెలుసు.

మాస్టారు నలభై ఏళ్ళనుంచి మాటలు ఏరుతున్నారు. కృష్ణ ఒడ్డున లంకల్లో, కరకట్ట కింది పల్లెల్లో, సముద్రం వైపు పర్ర భూముల్లో రైతులూ, కూలీలూ, పల్లెకారులూ వాడే మాటలు. నారుమడి నుంచి కుప్పనూర్పు దాకా పొలం మాటలు, పడవ మాటలు, వల మాటలు. ఒక్కొక్క మాటకు ఒక చీటీ. చీటీ మీద మాట, అర్థం, ఎవరి నోట విన్నదీ, ఏ ఊళ్ళో విన్నదీ. బూట్ల అట్టపెట్టెల్లో దాచేవారు. ఒక తుపానుకు పై అరలోని రెండు పెట్టెలు తడిసి ముద్దయినాయి. అప్పటినుంచి మిగిలిన చీటీలన్నిటినీ ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించారు. రెండు వేళ్ళతో, మూడేళ్ళపాటు. ఎక్కించిన చీటీని ఎక్కించినట్లే చింపేశారు, ఇల్లు ఇరుకు గనుక. అంటే లోకంలో ఆ మాటలకు ఉన్న ప్రతి ఒక్కటే. అదీ ఆ పాత కంప్యూటరులో.

“మాస్టారూ, ఆదివారం నేను వస్తున్నాను. అందాకా ఎవరికీ ఇవ్వకండి, దేనినీ ముట్టుకోకండి” అన్నాను.

“నువ్వు తెలుగు లెక్చరరువు గదా, నీకేం తెలుస్తుంది?” అన్నారాయన.

మా వారు కూడా అదే మాట అన్నారు. కొంచెం నవ్వుతూ అన్నారు, అదే తేడా.

అసలు జరిగిందేమిటో చెప్పాలి. ఆ కంప్యూటరు పాతది. దానిలో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత మద్దతు ఆపివేశారు. కొత్తదైన విండోస్ 11 ఆ పాత యంత్రానికి సరిపడదు. బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్న మాస్టారి మనవరాలు సెలవులకు వచ్చి, “తాతయ్యా, కొత్తది కొనక్కర్లేదు” అని దానిలో లినక్సు పెట్టి వెళ్ళింది. ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన పని అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏమున్నదో చూడవచ్చు, మార్చుకోవచ్చు. పాత యంత్రాల మీద కూడా తేలికగా నడిచే రకాలు దానిలో చాలా ఉన్నాయి.

అంతటితో ఊరుకోక, తాతగారి చూపు మందగించిందని ఆ పిల్ల ఒక చిన్న ప్యాకేజీ కూడా తయారుచేసింది. దాని పేరు “మాటలమూట”. మెనూలో దాని బొమ్మ నొక్కితే తాతగారి మాటల ఫైలు పెద్ద పెద్ద అక్షరాలతో నేరుగా తెరుచుకోవాలి. అదీ ఏర్పాటు. తయారుచేసి పంపింది, పరీక్షల్లో మునిగిపోయింది. ఎదురింటి అబ్బాయి వచ్చి ఆమె చెప్పినట్లే ప్యాకేజీని ఎక్కించాడు. ఎక్కింది. చివర తెరమీద ఇంగ్లీషులో ఏదో “ఎర్రర్” అని వచ్చింది. మెనూలో వెదికితే మాటలమూట లేదు. తీసివేసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే ఎర్రరు. మూడుసార్లు అయింది. నాలుగోసారి తెరను ఫోనుతో ఫోటో తీసి బజారులో ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్ళాడు. అక్కడి అతను ఫోటో చూచి, “ఇది లినక్సు, మొత్తం ఫార్మాటు చేసి మళ్ళీ విండోస్ వేస్తే సరి” అన్నాడట. అతన్ని నేను తప్పుపట్టను. తెలిసిన మందే గదా ఎవరైనా ఇచ్చేది.

ఆ ఫోటోను నాకు పంపమన్నాను. వచ్చింది. చదివాను.

నిజం చెప్పాలంటే, కంప్యూటరు తెరమీద వచ్చిన ఎర్రరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదవడం నాకు అదే మొదటిసారి. ఇన్నేళ్ళుగా అట్లాంటివి కనపడగానే మూసివేయడమే నా పని. పోలీసు ఇంటి ముందు నిలబడితే ఎందుకొచ్చాడో అడగకుండానే తలుపు వేసుకున్నట్లు. మీలో చాలామంది ఇంతేనని నా అనుమానం.

చదివితే అందులో భయపెట్టే మాట ఒక్కటీ లేదు. ముందు ఒక ఫైలు పేరు ఉంది. తరువాత ఆ ఫైలులో ఒక వరుసను ఎత్తి చూపించి, ఈ వరుస వ్యాఖ్య కాదు, శీర్షిక కాదు, పద్దూ కాదు అని ఉంది. అంతే. విశేషమేమిటంటే, ఎత్తి చూపిన ఆ వరుస తెలుగులో ఉంది. “వాటి అర్థాలు, వాడుకలు” అని!

ఇంగ్లీషు మధ్య ఆ మూడు తెలుగు మాటలు చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. దుకాణం అతనికి అవి అక్కరలేదు. ఎదురింటి అబ్బాయి ఇంగ్లీషు మీడియం. ఇది నేను చదవగలిగిన చోటే ఉన్న తప్పు అనిపించింది.

శుక్ర, శనివారాలు రాత్రి కూర్చుని ఆ ఫైలు ఏమిటో చదువుకున్నాను. దానిని “డెస్క్‌టాప్ ఎంట్రీ ఫైలు” అంటారు. పేరు పెద్దది గాని వస్తువు చిన్నది. పది పన్నెండు వరుసల మామూలు చీటీ. లినక్సులో ఒక ప్రోగ్రాము ఎక్కించినప్పుడు అసలు సరుకు ఒకచోటికి పోతుంది. దానితోపాటు ఈ చీటీ ఒకటి వేరే చోట పెట్టబడుతుంది. మెనూ అనేది సరుకును చూడదు, చీటీనే చూస్తుంది. చీటీ బాగుంటే బొమ్మ కనపడుతుంది. చీటీ చదవరాకపోతే సరుకు గోదాములో ఉన్నా మెనూకు లేనట్లే. మాస్టారి ఇంట్లో జరిగింది ఇదేనన్నమాట. మూడుసార్లు తీసి ఎక్కించినా ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమయింది. సరుకుతోపాటు అదే తప్పుడు చీటీ మూడుసార్లూ వచ్చింది.

చీటీ నడక ఇట్లా ఉంటుంది. మొదట చతురస్రపు బ్రాకెట్లలో “డెస్క్‌టాప్ ఎంట్రీ” అని శీర్షిక. దాని కింద ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క పద్దు. పద్దు అంటే ఎడమన ఒక పేరు, మధ్య సమానం గుర్తు, కుడిన దాని విలువ. “టైప్” అంటే ఇది ఏ జాతిదో. “నేమ్” అంటే మెనూలో కనపడవలసిన పేరు. “ఎగ్జెక్” అంటే బొమ్మ నొక్కినప్పుడు ఏ ప్రోగ్రామును నడపాలో. “ఐకాన్” అంటే ఏ బొమ్మ చూపాలో. “కామెంట్” అంటే ఒక్క వాక్యంలో ఇది ఏమిటో. “కేటగిరీస్” అంటే మెనూలో ఏ అరలో పెట్టాలో. టైపూ, నేమూ లేకుండా చీటీ చెల్లదు. ప్రోగ్రాములకు ఎగ్జెక్ కూడా మామూలుగా కావాలి.

ఇది ఒకరింటి సొంత పద్ధతి కూడా కాదు. లినక్సులో తెర ముందు భాగాన్ని నడిపే పెద్ద ఏర్పాట్లు రెండు: 1996లో మొదలైన కెడిఇ, 1997లో మొదలైన గ్నోమ్. ఎవరి చీటీలు వారివిగా ఉంటే ప్రోగ్రాములు వ్రాసేవారు చావాలి. 2000లో ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక ఏర్పడింది. అందరికీ ఒకే రకం చీటీ అన్నది ఆ వేదిక మీద కుదిరిన ఒప్పందాలలో ఒకటి. ఆ ఒప్పందంలో మనకు పనికివచ్చే మాట ఒకటుంది. నేమ్ అనే మాట పక్కన బ్రాకెట్లలో ఒక భాష గుర్తు చేర్చి, ఆ భాషలో పేరు వేరుగా వ్రాయవచ్చు. తెలుగుకు గుర్తు ఇంగ్లీషు టీ, ఈ అనే రెండు అక్షరాలు. కంప్యూటరును తెలుగులో పెట్టుకున్నవారికి ఆ తెలుగు పేరే కనపడుతుంది. హైదరాబాదులోని “స్వేచ్ఛ” వంటి సంస్థల కార్యకర్తలు లినక్సు తెర మీది మాటలను తెలుగు చేయడానికి ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేశారు. మాస్టారి మనవరాలు కూడా తాతగారి కోసం పేరూ, కామెంటూ తెలుగులోనే పెట్టింది.

ఆదివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె రైలెక్కాను. సుమారు 34 కిలోమీటర్ల కొమ్మ లైను. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ రేపల్లెలో ఆగిపోతుంది. ఆ పైన రైలు లేదు. మాస్టారు స్టేషనుకు రాబోతే వద్దన్నాను. ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పెళ్ళిచూపులకు వచ్చినవారికి పెట్టినట్లు పెసరట్లు పెట్టించారు.

తిన్నాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. ముందుగా చేసిన పని ఒక్కటే. మాస్టారి మాటల ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, పెన్‌డ్రైవును నా సంచిలో వేసుకున్నాను. రోగి పేరు అడగకముందు నాడి చూడాలంటారు. కంప్యూటరు విషయంలో నాడి చూడకముందు కాపీ తీయాలి.

తరువాత సరుకు వచ్చిందో లేదో చూచాను. టెర్మినల్ అనే నల్లకిటికీ తెరిచి, ప్యాకేజీతో వచ్చిన ప్రోగ్రాము పేరు టైపు చేసి ఎంటర్ నొక్కాను. పెద్ద అక్షరాల కిటికీ తెరుచుకున్నది. సరుకు నిక్షేపంగా ఉంది. ఇక చీటీ.

చీటీలుండే ఫోల్డరు తెరిచి మాటలమూట చీటీని చూచాను. తప్పు పట్టడానికి క్షణం పట్టలేదు. కామెంటు పద్దులో “కృష్ణ పడమటి డెల్టా పల్లెల మాటలు,” అని ఒక వరుస. దాని కింద విడిగా “వాటి అర్థాలు, వాడుకలు” అని ఇంకొక వరుస.

“ఇది మీరు చెప్పిన వాక్యమేనా మాస్టారూ?”

“అవును. ఫోనులో మెసేజి పెట్టమంటే రెండు వరుసలుగా పెట్టాను. చూడ్డానికి అందంగా ఉంటుందని.”

మనవరాలు ఆ మెసేజిని ఉన్నదున్నట్లు తీసి చీటీలో అతికింది. పద్యంలో అయితే వాక్యం ఒక పాదంలో మొదలై రెండో పాదంలోకి పోయినా అన్వయం చెడదు. నాలుగు పాదాలూ దాటి తరువాతి పద్యంలోకి పోయినా వ్యాఖ్యాత వెదికి పట్టుకుని కలుపుతాడు. చీటీ చదివే యంత్రానికి ఆ ఓపిక లేదు. వరుస ముగిస్తే పద్దు ముగిసినట్లే. తరువాతి వరుసలో సమానం గుర్తు ఉండాలి. లేదా అది శీర్షిక కావాలి, లేదా వరుస మొదట హ్యాష్ గుర్తు పెట్టిన వ్యాఖ్య కావాలి. మూడూ కాని వరుస ఒక్కటి తగిలితే చాలు, చీటీ మొత్తాన్నే పక్కన పడేస్తుంది.

ఆ ఫోల్డరులో ఏదైనా మార్చాలంటే అధికారి పాస్‌వర్డు కావాలి. మాస్టారు పంచాంగం తెచ్చి, అందులో ఉగాదినాటి పేజీలో వ్రాసిపెట్టిన మాటను చదివి వినిపించారు. రెండో వరుస మొదట్లో కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కాను. రెండు వరుసలు ఒకటయినాయి. భద్రపరిచి మెనూ తెరిస్తే మాటలమూట కనపడింది, తెలుగు పేరుతో సహా.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వచ్చి కూర్చున్నారు. మొదటిసారి ఆయనే నొక్కాలని నేను లేచాను. నొక్కారు. కిటికీ తెరుచుకున్నది.

అందులో ఏమీ లేదు.

తెల్లని ఖాళీ పేజీ. పైన పేరు మాత్రం ఉంది, “నోట్స్” అని. ఆయన మాటల ఫైలు పేరు అదే. మాస్టారు కాసేపు ఆ తెలుపును చూచారు. ఆ కంగారులో చెయ్యి అలవాటు చొప్పున భద్రపరిచే మీటలు నొక్కింది కూడా. నావైపు తిరగకుండానే, “పోయిందా, అమ్మాయ్?” అన్నారు.

నా సంచిలో కాపీ ఉన్నదని నాకు తెలుసు. అయినా నోట మాట రాలేదు. లోపలనుంచి మాస్టారి భార్య, మా పిన్నిగారు, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మూడేళ్ళు ఆమె చీటీలు చదివి వినిపిస్తే ఈయన టైపు చేశారు.

ఫోల్డరు తెరిచాను. అందులో “నోట్స్” అని ఒకటి కాదు, రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి సున్నా సైజు. రెండోది దిట్టంగా ఉంది. దిట్టమైనదాన్ని నొక్కితే మాటలన్నీ బిలబిలమంటూ వచ్చాయి. “అదిగో, బొదె!” అన్నారు పిన్నిగారు తెరమీద మొదట కనపడిన మాటను చూచి. బొదె అంటే చేలకు నీళ్ళు పారే చిన్న కాలువ. ఆ మాట విని మాస్టారు నవ్వారు. నేను కుర్చీలో కూలబడ్డాను.

భయం తీరింది గాని ప్రశ్న మిగిలింది. ఒక ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఉండడానికి వీలులేదు. ఉన్నాయంటే అవి ఒకే పేరు కావు. కంటికి ఒకటిగా కనపడుతున్నాయి, అంతే. తేడా ఎక్కడ? పేరు మార్చే గడి తెరిచి, “నోట్స్” చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కాను. సున్నా ఫైలులో సకారం మీది పొల్లు పోయింది. ఎస్కేప్ నొక్కి, రెండో ఫైలులోనూ అట్లాగే చేశాను. ఏమీ పోలేదు! ఇంకోసారి నొక్కితే అప్పుడు పోయింది పొల్లు. అంటే మాస్టారి ఫైలు పేరులో, పొల్లు తరువాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉన్నదన్నమాట.

అటువంటి అక్షరం నిజంగానే ఉంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలిచ్చిన యూనికోడు పట్టికలో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని విడదీయడం. తెలుగులో హల్లుకు పొల్లు పెట్టి వెంటనే ఇంకొక హల్లు టైపు చేస్తే రెండోది వత్తుగా మారి కింద చేరుతుంది. “సాఫ్ట్‌వేర్” అని వ్రాయబోతే వకారం టకారం కిందికి పోతుంది. పోకుండా ఆపడానికి మధ్య ఈ కనపడని అక్షరాన్ని పెడతారు. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు వచ్చిన చోటల్లా, అవసరం ఉన్నా లేకున్నా, దానిని తామే చేరుస్తాయి. మాస్టారి కీబోర్డు చేర్చింది, మనవరాలి ఫోను చేర్చలేదు. అందువల్ల చీటీలో ఎగ్జెక్ పద్దు పిలిచిన “నోట్స్” వేరు, ఇంట్లో ఉన్న “నోట్స్” వేరు. పిలిచిన పేరుగలవాడు లేకపోతే ప్రోగ్రాము ఆ పేరుతో కొత్తపేజీ ఇచ్చింది. అది దాని మర్యాద!

సున్నా ఫైలును తీసివేసి, అసలు ఫైలు పేరులోనుంచి ఆ కనపడని అక్షరాన్ని తొలగించాను. మాస్టారు మళ్ళీ నొక్కారు. పెద్ద అక్షరాలతో మాటలన్నీ వచ్చాయి. కళ్ళజోడు తీసి చదివారు.

సాయంత్రం తిరుగు రైలు భట్టిప్రోలులో ఆగినప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకువచ్చింది. ఆ ఊరి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన త్రవ్వకాలలో రాతి ధాతుపేటికలు దొరికాయి. వాటి మీద ప్రాకృత భాషలో వ్రాతలున్నాయి. వాటిని చదివిన పండితుడు జార్జి బ్యూలర్. మన లిపులలో “క” అని వ్రాస్తే అకారం దానిలో కలిసే ఉంటుంది. ఒట్టి హల్లు కావాలంటే పొల్లు పెట్టాలి. భట్టిప్రోలు వ్రాతలో అట్లా కాదు. గుర్తేమీ లేని అక్షరం ఒట్టి హల్లు. అకారానికి విడిగా ఒక చిన్న గీత ఉంది. అశోకుని బ్రాహ్మీలో అదే గీత దీర్ఘానికి గుర్తు. ఆ లెక్కతో చదివితే ఇక్కడి హ్రస్వాలన్నీ దీర్ఘాలైపోతాయి. ఎక్కడ గీత ఉన్నదీ, ఎక్కడ లేదూ అన్నదే అక్కడ చదువంతా. నేను ఈ పాఠం ఏటా బి.ఏ. పిల్లలకు చెబుతాను. ఒక పొల్లు దగ్గర నాకే పరీక్ష వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

సోమవారం మామూలుగా నిడుబ్రోలు మీదుగా బాపట్ల వెళ్ళాను. అక్కడి కాలేజీలో నా ఉద్యోగం. మధ్యాహ్నం మాస్టారి మనవరాలు పరీక్ష వ్రాసి నా దగ్గరికి వచ్చింది. జరిగిందంతా విని నాలుక కరుచుకున్నది.

“అత్తయ్యా, మూడు తప్పులు నావి. చీటీని సరిచూసే పరికరం ఉంది. డెస్క్‌టాప్ ఫైల్ వ్యాలిడేట్ అంటారు. దానిని ప్యాకేజీ చివర తాతయ్య కంప్యూటరులో పలికేటట్లు పెట్టాను. నా బల్ల మీద, పంపకముందే నడపవలసింది. అది ఒకటి” అన్నది.

“రెండోది?”

“ఎగ్జెక్ పద్దులో తాతయ్య ఇంటి ఫైలు పేరు వ్రాయడం. ప్యాకేజీ పదిమందికీ ఒకటే. ఏ ఇంట్లో ఏ ఫైలు ఉంటుందో దానికేం తెలుసు? అక్కడ శాతం గుర్తూ, ఎఫ్ అక్షరమూ పెట్టి వదిలితే, మనం ఏ ఫైలు మీద నొక్కితే ఆ ఫైలు పేరు దానంతట అదే అక్కడికి వస్తుంది. మూడోది, మీకు చెప్పకపోవడం. మీరు పెద్ద ఫోల్డరులోని చీటీని చేత్తో దిద్దారు. నేను రేపు కొత్త ప్యాకేజీ పంపితే మీ దిద్దుబాటు పోతుంది. చీటీని ఇంటి ఫోల్డరులో లోకల్, షేర్, అప్లికేషన్స్ అనే చోటికి అదే పేరుతో కాపీ చేసి అక్కడ దిద్దుకోవాలి. మెనూ ముందు ఇంటి చీటీనే చూస్తుంది.”

ఆ పరికరాన్ని తెరిచి చూపించింది. కొన్ని చీటీలలో తప్పులు కావాలని పెట్టి నడిపింది. అది మూడు స్థాయిలలో మాట్లాడుతుంది: ఎర్రరు, హెచ్చరిక, సూచన. కేటగిరీల జాబితా చివర సెమికోలన్ మరిచిపోతే చెబుతుంది. బొమ్మకు ఫోల్డరు దారి లేకుండా పేరు మాత్రం ఇచ్చి, ఆ పేరుకు పి.ఎన్.జి. అని తోక పెడితే చెబుతుంది. ట్రూ, ఫాల్స్ అనే మాటలను పెద్దక్షరంతో మొదలుపెడితే చెబుతుంది. పద్దు పేరు తప్పక ఉండవలసినది లేకపోతే చెబుతుంది. సూచనకూ హెచ్చరికకూ గాభరా పడనక్కరలేదు, చాలామటుకు ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది. ఎర్రరైతే మాత్రం ఆ వరుసకు వెళ్ళి చూడాలి.

“మరి నోట్స్ సంగతి ఇది పట్టుకుంటుందా?” అన్నాను.

“పట్టుకోదు అత్తయ్యా. ఇది వాక్యం కుదిరిందా లేదా అనే చూస్తుంది. ఆ వాక్యంలో చెప్పిన ఫైలు లోకంలో ఉన్నదా అని చూడదు.”

వ్యాకరణ పండితుడన్నమాట! వాక్యం నిర్దుష్టంగా ఉంటే చాలు, అబద్ధమైనా ఆయనకు పట్టదు. మా వృత్తిని గురించి ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

పిల్ల వెళ్ళిన తరువాత బల్ల మీద నలభై జవాబు పత్రాలు దిద్దవలసినవి ఉన్నాయి. అంతకుముందు దిద్దిన కట్ట కూడా పక్కనే ఉంది. తీసి చూచాను. పేజీ పేజీకీ నా ఎర్రగీతలు. గీత గీశానే గాని, ఏది తప్పో, ఎందుకు తప్పో ఎక్కడా వ్రాయలేదు. ఆ నల్లకిటికీ నయం. ఫైలు పేరు చెప్పింది, వరుసను ఎత్తి చూపింది, ఆ వరుస ఏది కాకపోవడం వల్ల తప్పయిందో కూడా చెప్పింది. మేమే చదవలేదు. నేను దిద్దిన పత్రాలను మా పిల్లలు చదువుదామన్నా చదవడానికి అక్కడ ఏమీ లేదు.

ఆ నలభై పత్రాలూ దిద్దడానికి మామూలుకంటే మూడు రోజులు ఎక్కువ పట్టింది.

మీ ఇంట్లో ఎప్పుడైనా ఇట్లాంటిది జరిగితే తొందరపడి ఫార్మాటుకు ఒప్పుకోకండి. ముందు మీ పిల్లల ఫోటోలూ, మీ లెక్కలూ, పెద్దవాళ్ళ వ్రాతలూ ఇంకొకచోటికి కాపీ చేసుకోండి. తరువాత తెరమీద ఉన్నది మొదటినుంచి చివరి దాకా చదవండి, ఇంగ్లీషయినా సరే, కూడబలుక్కునైనా సరే. సరుకు వచ్చిందా, చీటీ ఒక్కటే తప్పిందా అని చూడండి. పది పన్నెండు వరుసల చీటీలో తప్పు వెదకడానికి పెద్ద ఇంజనీరు అక్కరలేదు.

బుధవారం రాత్రి మాస్టారు మళ్ళీ ఫోను చేశారు. ఈసారి పిల్లల చదువులు అడిగారు, మా వారి రక్తపోటు అడిగారు. అప్పుడు అసలు సంగతి చెప్పారు. మాటలమూటలో కొత్త మాట ఒకటి చేర్చారట. మాట: చీటీ. అర్థం: కంప్యూటరులో సరుకు ఎక్కడున్నదో మెనూకు చెప్పే చిన్న ఫైలు. ఎవరి నోట విన్నది అన్నచోట నా పేరు వ్రాశారట.

“ఊరు ఏది వెయ్యమంటావు అమ్మాయ్, తెనాలా, బాపట్లా?” అన్నారు.

రేపల్లె వెయ్యమన్నాను.